పగలు దొరికిన డేటాసోర్స్ రాత్రికి ఎక్కడికి పోతోంది?

తమ్ముడూ,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం ముందు నీ కథ క్లుప్తంగా చెప్తాను. గునుపూర్‌లో ఒక ఎరువుల డిపోకి స్టాక్ యాప్ నడుపుతున్నావు. టామ్‌క్యాట్ 9 (జావా యాప్‌ని నడిపే సర్వరు), జావా 17, వెనకాల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. ఆ యాప్‌కి నువ్వు రాసిన రిపోర్టు ప్లగిన్ ఒకటుంది. తెర మీద బటన్ నొక్కితే రిపోర్టు చక్కగా వస్తోంది. అదే ప్లగిన్‌ని రాత్రి పదకొండున్నరకి షెడ్యూలరు లేపితే డేటాసోర్స్ (డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చే ఆబ్జెక్టు) వెతికే దగ్గర ‘నో ఇనిషియల్ కాంటెక్స్ట్ ఎక్సెప్షన్: కెనాట్ ఇన్‌స్టాన్షియేట్ క్లాస్’ అంటూ కూలబడుతోంది. పాత టెస్ట్ మెషీన్‌లో మాత్రం రాత్రిపూట కూడా బ్రహ్మాండంగా నడుస్తోంది. రెండింట్లోనూ అదే వార్ ఫైలు (యాప్ మొత్తం మూట), అదే టామ్‌క్యాట్, అదే జావా. ఒకాయన టామ్‌క్యాట్ లైబ్రరీ ఫైలు కేటలినా.జార్ తెచ్చి, నీ యాప్ లైబ్రరీలుండే వెబ్-ఇన్ఫ్ లిబ్ ఫోల్డర్లో పెట్టమన్నాడు. పెట్టావు, ఏమీ మారలేదు. ఇంకొకాయన ఈ వెతుకులాటంతా ఎందుకు, యూజర్‌నేమూ పాస్‌వర్డూ ప్లగిన్‌లోనే రాసేయమన్నాడు. అది ఇంకా చెయ్యలేదన్నావు. బతికించావు.

ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీదే రాస్తున్నాను, అందుకని కోడ్ పేర్లు కూడా తెలుగు అక్షరాల్లోనే పడతాయి. నువ్వు మాత్రం ఫైల్లో ఇంగ్లీషులోనే కొట్టు.

జవాబు ముందే చెప్పేస్తాను. డేటాసోర్స్ వివరాలు రాసే నీ కాంటెక్స్ట్.ఎక్స్ఎంఎల్‌లో తప్పు లేదు, డేటాబేస్‌లోనూ లేదు. పేరు కూడా సరైనదే. రాత్రిపూట ఆ పేరు అడుగుతున్న థ్రెడ్ (జావాలో పని చేసే కూలీ అనుకో) నీ యాప్ మనిషి కాదు, అంతే. నీ రెండు మెషీన్ల మధ్య తేడా ప్రాసెసర్ కోర్ల సంఖ్య. పాతది రెండు కోర్లు, కొత్తది నాలుగు అని నువ్వే చివర్లో ఎక్కడో రాశావు. అసలు దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు.

ఎలాగంటే, మాది పర్లాకిమిడి. ఆంధ్రా సరిహద్దు కూతవేటు దూరం, దాటితే పాతపట్నం. పాతపట్నం బస్టాండులో నిల్చుని ‘కలెక్టరాఫీసు ఎటు బాబూ’ అంటే శ్రీకాకుళం బస్సు చూపిస్తారు. అదే మాట మా ఊళ్లో అడిగితే ‘ఇదిగో, ఈ రోడ్డే’ అంటారు, గజపతి జిల్లాకి ఇదే కేంద్రం కాబట్టి. అడిగిన మాట ఒకటే, చెప్పినవాళ్లెవరూ అబద్ధమాడలేదు. జవాబు మాటలో లేదు, అడిగినవాడు ఎక్కడ నిల్చున్నాడో అందులో ఉంది. ‘జావా:కాంప్/ఎన్వ్’ అనే చిరునామా అచ్చం ఇలాంటిదే. అందులోని ‘కాంప్’ అంటే కాంపొనెంట్, అంటే ‘నేనున్న చోట’ అని అర్థం. ‘జావా:కాంప్/ఎన్వ్/జేడీబీసీ/స్టాక్’ అంటే ‘నా యాప్‌లో స్టాక్ అనే డేటాసోర్స్ ఇవ్వు’ అని. మరి ‘నా యాప్’ ఏదో టామ్‌క్యాట్‌కి ఎలా తెలుస్తుంది? అడుగుతున్న థ్రెడ్ మెడలో ఒక బిళ్ల ఉంటుంది, దాని పేరు కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్ (క్లాస్‌లోడర్ అంటే కోడ్ క్లాసుల్ని ఫైళ్లలోంచి వెతికి తెచ్చేది). టామ్‌క్యాట్ ఆ బిళ్ల చూసి, అది ఏ యాప్‌దో పోల్చుకుని, ఆ యాప్ గదిలో వెతుకుతుంది. దానికి తెలిసిన బిళ్ల కాకపోతే, దాని పైవాడు, ఆ పైవాడు అంటూ మెట్లెక్కుతూ చూస్తుంది. అక్కడా తెలిసినవాళ్లు లేకపోతే ఖాళీ చేతులే.

పగలు బటన్ నొక్కినప్పుడు పని చేసేది టామ్‌క్యాట్ సొంత థ్రెడ్. రిక్వెస్టు నీ యాప్‌లో అడుగుపెట్టేముందే టామ్‌క్యాట్ ఆ థ్రెడ్ మెడలో నీ యాప్ బిళ్ల వేస్తుంది, పనయ్యాక తీసేస్తుంది. రాత్రి సంగతి వేరు. నువ్వు పెట్టిన కోడ్‌లో షెడ్యూలరు నేరుగా పని చెయ్యకుండా ‘కంప్లీటబుల్‌ఫ్యూచర్.సప్లైఎసింక్’ అని ఒక లైనుతో పని ఇంకెవరికో అప్పజెప్పింది. ఎవరికి అని నువ్వు చెప్పలేదు, రెండో ఆర్గ్యుమెంటు ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఆ పని జావా వాళ్ల ఉమ్మడి కూలీలకి, అంటే ఫోర్క్‌జాయిన్ కామన్ పూల్‌కి పోతుంది. జావా 9 నుంచి ఈ ఉమ్మడి కూలీల మెడలో ఏ యాప్ బిళ్లా ఉండదు, సిస్టమ్ క్లాస్‌లోడర్ అనే సర్కారీ బిళ్ల ఉంటుంది. ఆ లోడర్‌కి నీ యాప్ సంగతి దేవుడెరుగు, టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డరు కూడా కనపడదు. జేఎన్‌డీఐ (పేరు చెప్పి వస్తువు వెతికే జావా పద్ధతి) మొదలవ్వాలంటే కావాల్సిన ‘జావాయూఆర్ఎల్‌కాంటెక్స్ట్‌ఫ్యాక్టరీ’ అనే క్లాసు ఆ లిబ్‌లోని కేటలినా.జార్‌లోనే ఉంది. అది దొరక్కే ‘కెనాట్ ఇన్‌స్టాన్షియేట్ క్లాస్’. పేరు వెతకడం దాకా కూడా రాలేదు, వెతికేవాణ్ణి పుట్టించడం దగ్గరే ఆగిపోయింది.

దీంతో ఆ జార్ సలహా ఎందుకు పనిచెయ్యలేదో కూడా తేలిపోయింది. వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో నువ్వేం పెట్టినా చూడగలిగేది నీ యాప్ క్లాస్‌లోడరే. రాత్రి కూలీ చూసేది వేరే బీరువా. నీ బీరువాలో ఎన్ని చీరలు మడతపెట్టినా వాడికి కనపడవు.

ఇక కోర్ల సంగతి. ఇది చాలామందికి తెలీదు, నాకూ చాన్నాళ్లు తెలీదు. కామన్ పూల్‌లో ఎంతమంది కూలీలుండాలన్నది మామూలుగా కోర్ల సంఖ్య లోంచి ఒకటి తీసేసి లెక్కేస్తారు. నాలుగు కోర్లుంటే ముగ్గురు, రెండు కోర్లుంటే ఒక్కడు. కంప్లీటబుల్‌ఫ్యూచర్ ఆ లెక్క చూసి, ఒకడి కన్నా ఎక్కువ మంది లేకపోతే ఆ పూల్‌ని వాడనే వాడదు. పనికో కొత్త థ్రెడ్ పుట్టిస్తుంది. అలా పుట్టిన థ్రెడ్‌కి కన్నతల్లి బిళ్లే వారసత్వంగా వస్తుంది. నీ షెడ్యూలరు థ్రెడ్ పుట్టింది యాప్ స్టార్టయ్యేటప్పుడు కాబట్టి దాని మెడలో నీ యాప్ బిళ్లే ఉంది, దాని పిల్లకీ అదే వచ్చింది. అందుకని రెండు కోర్ల మెషీన్‌లో రాత్రి రిపోర్టు నడిచింది. కోడ్ మంచిదై కాదు, మెషీన్ చిన్నదై. జావా 8 నుంచి నీ 17 దాకా, 21లో కూడా ఈ లెక్క ఇంతే.

నా మాట నమ్మక్కర్లేదు, పది నిమిషాల్లో నువ్వే తేల్చుకోవచ్చు. టెస్ట్ మెషీన్‌లో టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్లో సెట్‌ఎన్వ్.ఎస్‌హెచ్ ఫైలు తెరిచి కేటలినా_ఆప్ట్స్‌లో ‘-డీ జావా.యుటిల్.కంకరెంట్.ఫోర్క్‌జాయిన్‌పూల్.కామన్.ప్యారలలిజమ్=4’ అని చేర్చు (డీ తర్వాత ఖాళీ ఉండకూడదు). టామ్‌క్యాట్ ఆపి మళ్లీ లేపి, షెడ్యూలు టైము ఇప్పటి నుంచి ఐదు నిమిషాల తర్వాతకి పెట్టు. ఇన్నాళ్లూ బుద్ధిగా నడిచిన ఆ టెస్ట్ మెషీన్‌లోనే అదే ఎర్రర్ పుడుతుంది. కొత్త సర్వర్‌లో అదే సెట్టింగు 1 పెడితే ఎర్రర్ మాయమవుతుంది. ఈ రెండోది పరీక్షకే, దాన్నే వైద్యం అనుకుని వదిలేయకు. ఆ జేవీఎంలో (జావా నడిచే ప్రాసెస్‌లో) కామన్ పూల్ మీద ఆధారపడ్డ మిగతా పనులన్నీ ఒంటి కూలీ మీద పడతాయి.

ఇంకా ఖాయం చేసుకోవాలంటే ప్లగిన్‌లో లుకప్ లైనుకి (డేటాసోర్స్ వెతికే లైనుకి) సరిగ్గా ముందు ఒక లాగ్ లైను పెట్టు: ఇప్పుడు నడుస్తున్న థ్రెడ్ పేరు, దాని కాంటెక్స్ట్ క్లాస్‌లోడరు. నీకు కనపడేది ఇదీ:

పగలు: హెచ్‌టీటీపీ-ఎన్ఐఓ-8080-ఎగ్జెక్-5, ప్యారలల్‌వెబ్‌యాప్‌క్లాస్‌లోడర్, కాంటెక్స్ట్: స్టాక్

రాత్రి: ఫోర్క్‌జాయిన్‌పూల్.కామన్‌పూల్-వర్కర్-1, యాప్‌క్లాస్‌లోడర్

రెండో లైను చూసి ‘యాప్‌క్లాస్‌లోడర్ అనే ఉంది కదా, మన యాప్‌దే కదా’ అనుకుంటావు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అది నీ యాప్ కాదు. జావా వాళ్లు సిస్టమ్ క్లాస్‌లోడర్‌కి పెట్టుకున్న ముద్దుపేరు. పేరు పెట్టినవాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించాలనిపించింది ఆ వేళ.

నాకు ఇది ఎలా దొరికిందో చెప్పాలి. బరంపురంలో ఒక బట్టల వ్యాపారికి బిల్లింగు యాప్ చూసేవాణ్ణి. దుకాణం మూశాక రోజు లెక్క ముగించే ప్లగిన్ ఒకటి నాదే. పండగ సీజన్ వస్తోందని ఆయన రెండు కోర్ల మెషీన్ తీయించి నాలుగు కోర్లది పెట్టించాడు. ఆ రోజు నుంచే రోజు లెక్క ఆగిపోయింది. ‘డబ్బు ఎక్కువ పెట్టి పెద్దది కొంటే పని తగ్గిందేంటి బాబూ?’ అని సగం తెలుగులో, సగం ఒడియాలో ఆయన అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. వరసగా మూడు రాత్రులు కాంటెక్స్ట్.ఎక్స్ఎంఎల్ మార్చాను. పేరు మార్చాను, డ్రైవరు జార్ మార్చాను, టామ్‌క్యాట్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. గుమాస్తా రోజు లెక్కని కాగితం మీద కట్టి, నాకు టీ పంపించి, జాలిగా చూసి వెళ్లిపోయేవాడు. మూడో రాత్రి విసుగొచ్చి, ఏదో ఒకటి ప్రింటు చేద్దామని థ్రెడ్ పేరు ప్రింటు చేశాను. పగటి పేరూ రాత్రి పేరూ పక్కపక్కన పెడితే అప్పుడు వెలిగింది. ఫైళ్లలో వెతికినన్నాళ్లూ దొరకనిది, అడుగుతున్నదెవరో చూసేసరికి దొరికింది.

ఇప్పుడు వైద్యం. రెండు పనులు చెయ్యాలి, రెండూ చెయ్యి.

మొదటిది, ప్లగిన్ తనంతట తాను డేటాసోర్స్ వెతకడం మానిపించు. యాప్ స్టార్టయ్యేటప్పుడు సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్‌లిజనర్‌లో ‘కాంటెక్స్ట్‌ఇనిషియలైజ్డ్’ నడుస్తుంది. ఆ సమయంలో థ్రెడ్ మెడలో నీ యాప్ బిళ్ల కచ్చితంగా ఉంటుంది. లుకప్ అక్కడ ఒక్కసారి చేసి, దొరికిన డేటాసోర్స్‌ని ప్లగిన్ కన్‌స్ట్రక్టర్‌కి చేతికివ్వు. టామ్‌క్యాట్‌లో మామూలుగా ఆ పేరుకి ఒకే ఆబ్జెక్టు ఉంటుంది, ఎన్నిసార్లు వెతికినా అదే వస్తుంది. కాబట్టి దాచుకోవడంలో దోషం లేదు. దాచుకోవాల్సింది డేటాసోర్స్‌ని, కనెక్షన్‌ని కాదు. ఈ తేడా మరిచిపోయిన ప్లగిన్లు నేను చూసినవే నాలుగైదున్నాయి. అక్కడే ఒక కనెక్షన్ తీసి, ‘సెలెక్ట్ 1’ కొట్టి, వెంటనే మూసెయ్. పాస్‌వర్డ్ తప్పో, డ్రైవరు లేదో, ఏదైనా ఉంటే పొద్దున్న స్టార్టప్‌లోనే తెలుస్తుంది. రాత్రి పదకొండున్నరకి నిన్నెవరూ నిద్రలేపరు.

రెండోది, సప్లైఎసింక్‌కి రెండో ఆర్గ్యుమెంటు ఇవ్వు. అదే లిజనర్‌లో నీ సొంత ఎగ్జిక్యూటర్ (కూలీల జట్టు) ఒకటి పుట్టించు, ఇద్దరు కూలీలు చాలు, దాన్నే పంపు. డేటాసోర్స్ చేతికిచ్చేశాక ఇదెందుకు అంటావేమో. ఇవాళ డేటాసోర్స్ దగ్గర ఆగింది, రేపు రిపోర్టు టెంప్లేటు దగ్గర ఆగుతుంది. సర్వీస్‌లోడర్ లాంటివి కూడా ఆ బిళ్ల చూసే వెతుకుతాయి. పీడీఎఫ్, ఎక్స్ఎంఎల్ లైబ్రరీల్లో కొన్ని వాటి మీద ఆధారపడతాయి. థ్రెడ్ మీదే నీ అదుపు లేని చోట, అంటే ఇంకెవరో రాసిన లైబ్రరీ తన థ్రెడ్ మీద నిన్ను వెనక్కి పిలిచే చోట, పని మొదట్లో ‘సెట్‌కాంటెక్స్ట్‌క్లాస్‌లోడర్’తో నీ యాప్ బిళ్ల వేసి, ఫైనల్లీ బ్లాకులో పాత బిళ్ల తిరిగి వెయ్యి. తిరిగి వెయ్యకపోతే ఇంకొకడి పని నీ పేరు మీద నడుస్తుంది. అది ఇంకా గందరగోళం.

ఎగ్జిక్యూటర్ పుట్టించినవాడివి ‘కాంటెక్స్ట్‌డెస్ట్రాయ్డ్’లో దాన్ని మూసెయ్యాలి కూడా. లేకపోతే వార్ మార్చిన ప్రతిసారీ పాత యాప్ దయ్యమై ఆ థ్రెడ్లలో తిరుగుతూనే ఉంటుంది. పాత క్లాస్‌లోడర్ మెమరీలోంచి పోదు.

వైల్డ్‌ఫ్లై లాంటి పూర్తి సర్వర్ల మీద ఉన్నవాళ్లకి ఇంత శ్రమ లేదు. 2013లో వచ్చిన జావా ఈఈ 7 నుంచి ‘మేనేజ్డ్ ఎగ్జిక్యూటర్ సర్వీస్’ అని ఒకటుంది, దానికి పని ఇస్తే బిళ్లా పేర్ల గదీ రెండూ వెంట పంపుతుంది. టామ్‌క్యాట్‌లో అది లేదు.

పాస్‌వర్డ్ ప్లగిన్‌లో రాసెయ్యమన్న పెద్దమనిషి సలహా పనిచెయ్యదని నేననను, పనిచేస్తుంది. కానీ కనెక్షన్ పూల్‌ని (డేటాసోర్స్ సిద్ధంగా ఉంచే కనెక్షన్ల గుంపుని) దాటేసి దొడ్డిదారిన పోతున్నావు. ఆరు నెలలకి డిపో వాళ్లు డేటాబేస్ పాస్‌వర్డ్ మారుస్తారు, పగటి యాప్ నడుస్తుంది, రాత్రి రిపోర్టు నడవదు. మళ్లీ ఇదే ప్రశ్న ఇంకో రూపంలో అడుగుతావు.

నీ ఎర్రర్ ఒక రకం. ఇది చదివేవాళ్లలో చాలామందికి వచ్చేది ఇంకో రకం: ‘నేమ్ ఈజ్ నాట్ బౌండ్ ఇన్ దిస్ కాంటెక్స్ట్, అనేబుల్ టు ఫైండ్’ అని, ఆ చివర బ్రాకెట్లో ఒక మాట. అందరూ మొదటి సగం చదివి గూగుల్‌లో పడేస్తారు. అసలు సంగతి ఆ చివరి మాటలో ఉంది, ఎన్నో మెట్టు దగ్గర కాలు జారిందో అదే చెప్తుంది. అక్కడ ‘జావా:కాంప్’ అని ఉంటే గది కాదు, ఇల్లే లేదు. ఆ థ్రెడ్ ఏ యాప్‌కీ చెందనిది, లేదా స్ప్రింగ్ బూట్‌లో లోపల నడిచే టామ్‌క్యాట్ అయితే నేమింగ్ ఆన్ చెయ్యలేదు. అందులో అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ‘జేడీబీసీ’ అని ఉంటే ఇల్లుంది, గది లేదు. ఈ యాప్‌కి ఒక్క డేటాసోర్స్ కూడా కట్టలేదు. ‘స్టాక్’ అని చివరి ముక్క ఉంటే గదిలో వేరే ఏవో ఉన్నాయి, నీ పేరుది లేదు. పెద్ద చిన్న అక్షరాల తేడానో, పేరు చివర కాపీ పేస్టులో వచ్చిన ఖాళీనో చూసుకో.

మధ్యదానికి, అంటే ‘జేడీబీసీ’ అని వచ్చేదానికి, నేను చూసినంతలో కారణం ఒకటే ఎక్కువ. డేటాసోర్స్‌ని సర్వర్.ఎక్స్ఎంఎల్‌లో గ్లోబల్‌నేమింగ్‌రిసోర్సెస్ కింద రాసి, యాప్‌లన్నింటికీ కనపడుతుందనుకుంటారు. కనపడదు. యాప్ కాంటెక్స్ట్‌లో రిసోర్స్‌లింక్ పెట్టి, ‘గ్లోబల్‌లో ఫలానా పేరుని నా దగ్గర ఫలానా పేరుతో పిలుస్తాను’ అని చెప్పాలి.

పాత ఫైలు గండం ఇంకొకటి. కాన్ఫ్ కింద కేటలినా, దాని కింద లోకల్‌హోస్ట్ ఫోల్డర్లో నీ యాప్ పేరుతో ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటే, వార్ లోపలి మెటా-ఇన్ఫ్ కాంటెక్స్ట్.ఎక్స్ఎంఎల్‌ని టామ్‌క్యాట్ పట్టించుకోదు. నువ్వు వార్‌లో మార్చి మార్చి చస్తుంటావు, అది పాతదే చదువుతుంటుంది. గజపతి 1992లో గంజాం నుంచి విడిపోయి జిల్లా అయింది. అంతకు ముందు కలెక్టరాఫీసంటే మావాళ్లకి ఛత్రపురం. జిల్లా మారిన కొత్తలో అలవాటు చొప్పున అటు బస్సెక్కేసిన ముసలాయన మా వీధిలోనే ఉండేవాడు. టామ్‌క్యాట్ ఆయన లాంటిది, ఎవరూ చెప్పకపోతే పాత చోటికే పోతుంది.

పేరు దొరుకుతుంది గానీ కనెక్షన్ అడిగితే ‘కెనాట్ క్రియేట్ జేడీబీసీ డ్రైవర్ ఆఫ్ క్లాస్’ అని ఖాళీ కొటేషన్లు, ఆ తర్వాత ‘కనెక్ట్ యూఆర్ఎల్ నల్’ అని వస్తే, అది డ్రైవరు సమస్య కాదు. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో రిసోర్స్-రెఫ్ అని చీటీ రాశావు, దానికి తగ్గ సరుకు కాంటెక్స్ట్‌లో పెట్టలేదు, లేదా పేర్లు కలవలేదు. టామ్‌క్యాట్ చీటీని నమ్మి ఖాళీ డబ్బా ఇచ్చింది. నిజంగా డ్రైవరు సమస్యయితే క్లాసు పేరు నిండుగా కనపడుతుంది. అప్పుడు డ్రైవరు జార్‌ని టామ్‌క్యాట్ లిబ్‌లో పెట్టు, ఎందుకంటే పూల్ కట్టేది టామ్‌క్యాట్, నీ యాప్ కాదు. ఇక టామ్‌క్యాట్ 10కి మారినవాళ్లు ‘రిసోర్స్’ యానొటేషన్ ఇంపోర్టు చూసుకోండి. ‘జావెక్స్’ కాదు, ‘జకార్తా’ కావాలి. పాతదే ఉంటే ఎర్రర్ ఏమీ రాదు, ఫీల్డు నల్‌గా ఉండిపోతుంది, అంతే. డేటాసోర్స్ క్లాసు మాత్రం జావెక్స్‌లోనే ఉంది, అది జావాలో భాగం, మార్చకండి.

మన సరిహద్దు వాళ్లకి ప్రత్యేకంగా ఒకటి. ఖాతాదారుల పేర్లు సగం తెలుగులో, సగం ఒడియాలో ఉంటాయి. అవన్నీ ప్రశ్నార్థకాలై కనపడుతున్నాయని యూఆర్ఎల్ చివర క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ చేరుస్తారు. రెండు సెట్టింగుల మధ్య ఆంపర్‌సాండ్ పెట్టాలి. ఎక్స్ఎంఎల్‌లో దాన్ని ఉన్నదున్నట్టు పెడితే ఫైలు చదవడమే ఆగిపోతుంది. యాప్ లేవదు, ఉన్న డేటాసోర్స్ కూడా పోతుంది. ఆంపర్‌సాండ్, ఏఎంపీ, సెమీకోలన్ అని పూర్తిగా రాయాలి. మైఎస్‌క్యూఎల్ 8కి ముందు టేబుళ్లు మామూలుగా లాటిన్1లో పుట్టేవి. అలాంటి పాత టేబుల్‌లో ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా పడిపోయిన పేర్లు యూఆర్ఎల్ మార్చినంత మాత్రాన తిరిగి రావు.

లుకప్ బాగుపడ్డాక నీకు ఎదురయ్యే గండం కనెక్షన్ పూల్. అది ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే నీ ప్లగిన్ కోడ్‌లో కనెక్షన్ మూసే లైను ట్రై బ్లాకు లోపల, రిపోర్టు రాసిన తర్వాత ఉంది. రిపోర్టు రాయడంలో పొరపాటొస్తే మూసే లైను దాకా రాదు.

ఇదే తప్పు నేను చేశాను. మా ఊళ్లోనే ఒక నర్సింగ్‌హోమ్‌కి రాసిన యాప్. సరిగ్గా తొమ్మిదో రోజు పొద్దున్న రిసెప్షన్‌లో పేజీ తిరుగుతూ ఉండిపోయేది. ఎర్రర్ లేదు, లాగ్ లేదు, చక్రం తిరుగుతూనే ఉండేది. టామ్‌క్యాట్ ఆపి లేపితే సరి. మళ్లీ తొమ్మిదో రోజుకి అదే. అక్కడి నర్సమ్మ క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని ముందురోజే ఫోన్ చేసేది, ‘అన్నయ్యా, రేపు మీ రోజు’ అని. లెక్క చాలా తేలిక. టామ్‌క్యాట్ మామూలు పూల్‌లో ‘మ్యాక్స్‌టోటల్’ రాయకపోతే 8. రాత్రి ప్లగిన్ రోజుకొక కనెక్షన్ మింగేది, ఎనిమిది రాత్రులకి ఎనిమిదీ అయిపోయేవి. ‘మ్యాక్స్‌వెయిట్‌మిల్లిస్’ రాయకపోతే మైనస్ 1, అంటే ఎంతసేపైనా కాచుకునే ఉండు అని. అందుకే ఎర్రర్ కూడా రాలేదు.

డేటాబేస్ వైపు చూస్తే ఏమీ కనపడకపోవడం నన్ను ఇంకా తప్పుదారి పట్టించింది. మైఎస్‌క్యూఎల్ పనిలేని కనెక్షన్‌ని 28,800 సెకన్లకి, అంటే ఎనిమిది గంటలకి, తనే తెంపేస్తుంది. రాత్రి లీకైన కనెక్షన్ పొద్దున్న ఏడున్నరకల్లా ప్రాసెస్‌లిస్టులోంచి మాయం. కానీ పూల్ పుస్తకంలో అది ‘ఇచ్చినది, ఇంకా తిరిగి రాలేదు’ అనే పద్దు కిందే ఉంటుంది. అప్పు తీసుకున్నవాడు ఊరొదిలి పోయినా షావుకారు ఖాతా కొట్టెయ్యడు కదా.

కాబట్టి ట్రై-విత్-రిసోర్సెస్ వాడు, కనెక్షనూ స్టేట్‌మెంటూ రిజల్ట్‌సెట్టూ మూడూ అందులో తీసుకో. మ్యాక్స్‌వెయిట్‌మిల్లిస్ 10000 పెట్టు, కాచుకోవడానికి ఒక హద్దు ఉంటుంది, పూల్ అయిపోతే లాగ్‌లో పడుతుంది. ‘లాగ్‌అబాండన్డ్’, ‘రిమూవ్‌అబాండన్డ్‌ఆన్‌బారో’ రెండూ ట్రూ చేస్తే మూయకుండా వదిలేసిన కనెక్షన్ ఏ లైన్లో తీసుకున్నదో చెప్పి లాక్కుంటుంది. దాని గడువు మామూలుగా 300 సెకన్లు. నీ రాత్రి క్వెరీ ఐదు నిమిషాలు దాటేదైతే నడుస్తున్నదాన్నే లాగేస్తుంది, గడువు పెంచుకో. టామ్‌క్యాట్ 7 కాలం బ్లాగులు చూసి ‘మ్యాక్స్‌యాక్టివ్’, ‘మ్యాక్స్‌వెయిట్’ అని రాయకు. 8 నుంచి మామూలు పూల్‌లో ఆ పేర్లు చెల్లవు. నువ్వు 50 రాశాననుకుంటావు, అది 8 తోనే నడుస్తుంది.

ఇవాళే అంతా మార్చకు. ముందు టెస్ట్ మెషీన్‌లో ప్యారలలిజమ్ 4 పెట్టి ఎర్రర్ రప్పించు, ఆ తర్వాత రెండో ఆర్గ్యుమెంటు ఒక్కటే మార్చి చూడు. ఎర్రర్ పోయిందంటే లిజనర్ పని మొదలుపెట్టు. రాత్రి లాగ్‌లో థ్రెడ్ పేరు ‘పూల్-1-థ్రెడ్-1’ లాంటిదిగా, పక్కన లోడరు ప్యారలల్‌వెబ్‌యాప్‌క్లాస్‌లోడర్‌గా కనపడాలి. అలా కాకుండా ఇంకేదైనా కనపడితే ఆ రెండు మాటలూ ఇక్కడే కింద రాయి. మొత్తం స్టాక్‌ట్రేస్ అక్కర్లేదు. వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో పెట్టిన ఆ కేటలినా.జార్ మాత్రం ఇప్పుడే తీసెయ్, దాన్ని అక్కడ ఎందుకు పెట్టారో ఏడాది తర్వాత నీకే గుర్తుండదు.